పూయని పదకొండేళ్ళు



నీలకురింజి గురించి చెప్పమంటే ఎవరైనా పువ్వుతోనే మొదలుపెడతారు. నేను పువ్వు లేని రోజులతో మొదలుపెడతాను. ఆ మొక్క బతుకులో ఎక్కువ భాగం అవే మరి.

కేరళలో మున్నారు దాటి రాజమల వైపు వెళ్తే తేయాకు తోటలు ఒకచోట ఠక్కున ఆగిపోతాయి. అక్కడి నుంచి పైకి ఎటు చూసినా గడ్డే. వాలు మీద గడ్డి, శిఖరం మీద గడ్డి, మధ్యమధ్య నల్లటి రాతి పలకలు. రెండు కొండలు కలిసే మడతలో, నీటి పాయ పారే చోట మాత్రం పొట్టి చెట్ల అడవి గుబురుగా ఉంటుంది. దాన్ని షోలా అంటారు. పైన గడ్డిలో మోకాలెత్తు పొదలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా, అంచున సన్నటి పళ్ళతో ఉంటాయి. ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ పొదల పక్కనే నిలబడి, వరయాడు అనే కొండమేక కనబడితే ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. పొద వైపు ఎవరూ చూడరు. ఆ పొదే నీలకురింజి.

వృక్షశాస్త్రంలో దీని పేరు స్ట్రోబిలాంథస్ కుంతియానా. నీలగిరి, ఆనమలై, పళని కొండలు, మున్నారు చుట్టుపక్కల గుట్టలు, కర్ణాటకలో బాబా బుడన్ గిరి దీని చోట్లు. దాదాపు 1,340 మీటర్ల ఎత్తు నుంచి 2,600 మీటర్ల దాకా పెరుగుతుంది. ఇవన్నీ పశ్చిమ కనుమలే. తూర్పు కనుమల్లో ఒక్కచోట, తమిళనాడులో ఏర్కాడు ఉన్న షెవరాయ్ కొండల మీద ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పుట్టదు. గాలి విసురుగా కొట్టే బట్టబయలు వాలు మీద రెండడుగులు మించదు. కాస్త చాటు దొరికిన చోట మనిషి ఎత్తు దాటిపోతుంది.

తెలుగు నేల మీద ఈ మొక్క లేదు గానీ దీని చుట్టాలు మన పెరళ్ళలోనే ఉన్నారు. జడలో తురుముకునే కనకాంబరం, చలికాలంలో పూసే డిసెంబరు పూలు, దగ్గుకు కషాయం కాచే అడ్డసరం, నోట్లో పెట్టుకుంటే మొహం వికారమయ్యే నేలవేము, ఇవన్నీ కురింజితో ఒకే కుటుంబం. అయితే కనకాంబరం ఏడాదంతా పూస్తుంది. డిసెంబరు పూలు ఏటా వేళకు వస్తాయి. ఈ కొండ చుట్టం మాత్రం పన్నెండేళ్ళకు ఒక్కసారే పూసి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. ఒక మొక్కకు ఒకే పూత. రెండోసారి లేదు.

పన్నెండేళ్ళనగానే మనకు పుష్కరాలు గుర్తొస్తాయి. గోదావరికి 2003లో, 2015లో వచ్చాయి. కృష్ణకు 2004లో, 2016లో. కురింజి పుష్కరాలు 1994, 2006, 2018. వెనక్కి వెళ్తే 1838 దాకా పూసిన ఏళ్ళ లెక్క దొరుకుతోంది. నదికైతే పంచాంగకర్త ఉన్నాడు. బృహస్పతి ఏ రాశిలోకి అడుగుపెడుతున్నాడో చూసి ముహూర్తం చెబుతాడు. ఆ బృహస్పతి కూడా నిక్కచ్చిగా పన్నెండేళ్ళు తీసుకోడు, పదకొండేళ్ళ పది నెలలకే సూర్యుణ్ణి చుట్టేస్తాడు. కొండ మీది మొక్కకు ఏ పంచాంగమూ లేదు. ఒక కొండ మీద లక్షల మొక్కలు ఒకే ఏడాది, ఒకే వానాకాలం చివర, కలిసికట్టుగా మొగ్గ తొడుగుతాయి. ఏళ్ళను అవి ఎలా లెక్కపెట్టుకుంటున్నాయన్నది వృక్షశాస్త్రంలో ఇంకా తేలని ప్రశ్న.

ఎలాగన్నది తేలలేదు గానీ, ఎందుకన్నదానికి ఒప్పుకోదగిన జవాబు ఒకటుంది. ఇది వెదురు గురించి ఆలోచిస్తుండగా పుట్టిన జవాబు. వెదురు పూస్తే కరువొస్తుందని మన పెద్దవాళ్ళు భయపడేవారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మిజోరంలో 1959లో వెదురు పూసినప్పుడు, ఆ గింజలు తిని ఎలుకలు తామరతంపరగా పెరిగి, గింజలయిపోయాక పొలాల మీద పడ్డాయి. నిజంగానే కరువొచ్చింది. డేనియల్ జాంజెన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1976లో వెదురు అన్నేళ్ళు ఎందుకు ఆగుతుందో వివరిస్తూ ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఆయన వాదన ఇది. ఏటా కాసిని గింజలు కాస్తే ఏటా వాటిని తినేవాళ్ళు కాచుకుని ఉంటారు, ఒక్కటీ మిగలదు. చాలా ఏళ్ళు ఏమీ ఇవ్వకుండా ఆకలికి మాడ్చి, తినేవాళ్ళ సంఖ్య తగ్గాక, ఒక్కసారిగా కుమ్మరిస్తే ఎంత తిన్నా తరగదు. తినగా మిగిలినవి మొలుస్తాయి. కురింజి విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తోందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, గమనించండి. గుంపుగా పూస్తేనే గుంపుగా మిగులుతాయి. కొండంతా నిండి ఉన్నప్పుడు ఈ ఉపాయం పారుతుంది. కొండలో సగం పోయి, అక్కడో పొదా ఇక్కడో పొదా మిగిలితే పారదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇక పువ్వు. ఒక్క పువ్వును కోసి చేతిలో పెడితే పెద్దగా మెచ్చుకోరు. చిన్న గంట ఆకారం, అంగుళం పొడవు, చెప్పుకోదగ్గ వాసన ఏమీ లేదు. విచ్చుకున్నప్పుడు లేత నీలం, వాడే వేళకు ఊదా వైపు తిరుగుతుంది. ఒకే కొమ్మ మీద రెండు రంగులూ ఉంటాయి కాబట్టి దూరం నుంచి చూస్తే కొండ ఒకే రంగులో ఉండదు. ఎండలో ఒకలా, మంచు కమ్మినప్పుడు ఇంకోలా కనిపిస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఈ సంబరం. మన పెట్టెల్లో కూడా పెంచే తొర్ర తేనెటీగే పుప్పొడి మోసే ముఖ్యమైన పనిమంతురాలు. కురింజి ఏడాది కొండజాతుల వాళ్ళు తీసే తేనెకు ప్రత్యేకమైన గిరాకీ ఉంటుంది.

మనవాళ్ళలో పెద్దవయసు వాళ్ళు ఇన్ని పుష్కరాలు చూశానని చెప్పుకుంటారు కదా. పళని కొండల్లోని పళియర్లు అనే కొండజాతి వాళ్ళు ఇన్ని కురింజి పూతలు చూశానని తమ వయసు లెక్కపెట్టుకునేవారట. మురుగన్ వళ్ళిని పెళ్ళాడినప్పుడు కురింజి దండ వేసుకున్నాడని మున్నారు కొండజాతి వాళ్ళయిన ముదువర్లు చెప్పుకుంటారు. సంగం కాలపు తమిళ కవులు భూమిని ఐదు రకాలుగా విడదీసి, కొండ సీమకు ఈ పువ్వు పేరే పెట్టారు. ఆ సీమకు దేవుడు మురుగన్, అక్కడ జరగవలసిన కథ ప్రేమికుల కలయిక. ఆ మురుగన్‌కే కొడైకెనాల్‌లో కురింజి ఆండవర్ కోవెల ఉంది. దాన్ని 1936లో కట్టించింది హిందూమతం స్వీకరించిన ఒక పాశ్చాత్య మహిళ. పెళ్ళయ్యాక ఆవిడ పేరు లీలావతి రామనాథన్.

భక్తీ కవిత్వమూ ఇంత ఉండగా, ఆ మొక్క నిలబడ్డ నేలకు మాత్రం రెవెన్యూ కాగితాల్లో ఏం గౌరవం దక్కింది? ఇదీ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఆంగ్లేయులు నీలగిరి ఎక్కారు. చల్లగా ఉంది, ఇంగ్లండులా ఉంది అనుకున్నారు. లోయల్లోని షోలా చెట్లను నరికి చలిమంటలు వేసుకున్నారు. వంటచెరుకు చాలకపోయేసరికి గడ్డి వాలుల వైపు చూశారు. దున్నని నేల, చెట్టు లేని నేల, పన్ను రాని నేల. ఇంకేం, బంజరు! 1843లో యూకలిప్టస్‌ను నీలగిరికి తెచ్చారు. తలనొప్పికి మనం రాసుకునే నీలగిరి తైలం ఆ ఆస్ట్రేలియా చెట్టుదే. వాటిల్ అనే తుమ్మ జాతి చెట్టు కూడా అక్కడి నుంచే వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వాలు ఇంకా ఉత్సాహంగా నాటాయి. తోళ్ళు ఊనడానికి వాటిల్ బెరడు, రేయాన్ గుజ్జుకు యూకలిప్టస్ కలప కావాలన్నారు. తేయాకు సరేసరి. ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం జామాయిల్ పేరుతో యూకలిప్టస్ పెంచే రైతుకు ఆ చెట్టు నీళ్ళు ఎలా లాగుతుందో నేను చెప్పనక్కర్లేదు.

చిత్రమేమిటంటే, నేలను బంజరన్న ఆ కాలంలోనే ఆ నేల మీది మొక్కలకు అద్భుతమైన బొమ్మలు వేయించినవాళ్ళూ ఉన్నారు. రాబర్ట్ వైట్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త, నీలగిరి మొక్కల మీద రంగుల బొమ్మలతో పుస్తకం వేశాడు. ఆయన దగ్గర బొమ్మలు వేసినవాళ్ళు రంగయ్య, గోవిందు. తంజావూరు చిత్రకళా సంప్రదాయం నుంచి వచ్చినవాళ్ళు. ఆ పేర్లు తెలుగు చెవికి దగ్గరివే. గోవిందు మీద గౌరవంతో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయా అని పేరు పెట్టాడు. తరవాతి శాస్త్రవేత్తలు దాన్ని వేరే ప్రజాతిలో కలిపేశారు కాబట్టి ఆ పేరు ఇప్పుడు వాడుకలో లేదు, పాత పుస్తకాల్లో ఉంది.

గడ్డి నేల అంటే చెట్లు కొట్టేయగా మిగిలిన నేల అని చాలాకాలం అనుకున్నారు. నీలగిరి చిత్తడి నేలల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న మట్టిని పరీక్షిస్తే, సుమారు 20,000 ఏళ్ళ కిందట కూడా అక్కడ గడ్డి ఉన్నట్టు తేలింది. అంటే అక్కడ గొడ్డలి వేటు పడకముందే గడ్డి ఉంది. శీతాకాలపు రాత్రుల్లో ఆ వాలుల మీద మంచు గడ్డకట్టి లేత చెట్టు మొలకల్ని మాడ్చేస్తుంది. గడ్డి తట్టుకుంటుంది, కురింజి తట్టుకుంటుంది. పైగా వానను పట్టి మెల్లగా కిందికి వదిలే పని ఆ గడ్డిదే. ఊటీ దగ్గర గ్లెన్‌మోర్గన్‌లో నేల, నీటి పరిరక్షణ శాస్త్రవేత్తలు ఒక చిన్న లోయలో గడ్డి తీసి యూకలిప్టస్ నాటి ఏళ్ళ తరబడి కొలిచారు. మొదటి దఫా చెట్లు పెరిగి కోతకు వచ్చేసరికి వాగులోకి దిగే నీరు 16 శాతం తగ్గింది.

పళని కొండల ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసిన పరిశోధకులు 2018లో ఒక లెక్క ప్రచురించారు. 1973 నుంచి 2014 లోపు అక్కడ గడ్డి నేలల్లో 66 శాతం పోయింది. షోలా అడవుల్లో పోయింది 31 శాతం. అడవి కొడితే అరిచేవాళ్ళున్నారు, గడ్డికి లేరు. గడ్డి మీద చెట్లు నాటితే వనమహోత్సవం అని బ్యాండు మేళం కూడా పెడతాం. మన సినిమాల పాత్ర కూడా ఇందులో కొంత ఉందని నా అనుమానం. దశాబ్దాలుగా తెలుగు హీరో హీరోయిన్లు ఊటీలో పైన్ చెట్ల చుట్టూ, యూకలిప్టస్ తోపుల మధ్య పరుగెత్తారు. ప్రకృతి అంటే అదే అని మన కళ్ళకు అలవాటైపోయింది. ఆ పైన్ కూడా నాటిన చెట్టే.

పన్నెండేళ్ళలో పదకొండేళ్ళు పూయకపోవడమే కురింజికి శాపమైంది. పూస్తున్న కొండను ఎవరూ బంజరు అనరు. మంత్రులు వస్తారు, పత్రికలు రాస్తాయి, హోటళ్ళు నిండుతాయి. పూయని కొండ మీద తోట వేస్తే, రోడ్డు వేస్తే, రిసార్టు కడితే అడిగే నాథుడుండడు. మళ్ళీ పూత వచ్చేసరికి వాలు ఉండదు. అరే, పోయినసారి ఇక్కడ పూసిందే అనుకుంటారు. పన్నెండేళ్ళ కిందటి వాలు ఎంతమందికి గుర్తుంటుంది?

2006 పూత ఏడాదిలో కేరళ ప్రభుత్వం ఇడుక్కి జిల్లా వట్టవడ, కొట్టకంబూరు గ్రామాల్లో 32 చదరపు కిలోమీటర్లను కురింజిమల అభయారణ్యంగా ప్రకటించింది. తపాలా శాఖ స్టాంపు కూడా వేసింది. ఒక పొద కోసం అభయారణ్యం అంటే మాటలు కాదు. కానీ ప్రకటించినంత తేలికగా హద్దులు తేలలేదు. లోపల పట్టా భూములున్నాయి, ఆ పట్టాల్లో ఏవి అసలువో ఏవి కావో తగాదాలున్నాయి, కూరగాయలు పండించే రైతులున్నారు, యూకలిప్టస్ తోపులున్నాయి. సర్వేలు, కమిటీలు ఏళ్ళ తరబడి సాగాయి. అక్కడి రైతును దోషిగా నిలబెట్టాలని నాకు లేదు. ఆయన తాత ముత్తాతలు ఆ కొండ మీదే ఉన్నారు. పేరుకు రైతుగా పట్టా పుట్టించుకుని, ఊళ్ళో ఏనాడూ లేని పెద్దమనుషుల మాట వేరు.

2018లో పూత వచ్చింది. కేరళ అంతా ఏర్పాట్లు చేసుకుంది. ఆగస్టులో మహా వరదలు వచ్చాయి. మున్నారు దారులు తెగిపోయాయి, రాజమల వెళ్ళే దారిలో పెరియవరై వంతెన కొట్టుకుపోయింది. జనం రాలేకపోయారు. వాన ఎక్కువై పూత ఆలస్యమైంది, కొంత పాడైంది కూడా. అయినా సెప్టెంబరుకు తెరిపి ఇచ్చాక కొండ నీలం కట్టింది. వ్యాపారులకు అది నష్టమే, ఎవరు కాదన్నా. మొక్కల వైపు నుంచి చూస్తే తొక్కిడి తగ్గింది.

తొక్కిడి మాట ఎందుకంటున్నానంటే, మల్లెపొద మీద నాలుగు పూలు కోస్తే రేపు మళ్ళీ పూస్తాయి. కురింజి కొమ్మ విరిచి కారు ముందద్దం దగ్గర పెట్టుకుంటే, ఆ కొమ్మ పన్నెండేళ్ళు దాచుకున్న గింజల్ని మనం పట్టుకుపోయినట్టు. దానికి ఇంకో అవకాశం లేదు. పూత అయ్యాక కాయలు ఎండి, విచ్చుకుని గింజల్ని విదిలిస్తాయి. పొదలు గోధుమ రంగుకు తిరిగి నిలువునా ఎండిపోతాయి. ఆ దశలో కొండ చూడ్డానికి కాలిపోయినట్టుంటుంది. వానలు పడ్డాక కింద మొలకలు లేస్తాయి. ఆ తొలి ఏళ్ళలో ఒక్క అడవి నిప్పు చాలు, ఒక తరం మొత్తం పోవడానికి.

ఇప్పుడు చట్టం కాస్త గట్టిపడింది. వన్యప్రాణి రక్షణ చట్టం మూడో షెడ్యూలులో నీలకురింజి ఉంది. పీకినా, నాశనం చేసినా మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇంట్లో పెంచుకోవడానికీ వీల్లేదు. 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన ఎర్రజాబితాలో దీన్ని వల్నరబుల్, అంటే ముప్పు పొంచి ఉన్న జాతిగా చేర్చింది. మిగిలిన గుంపులు 34 అని ఆ లెక్క చెబుతోంది. గుంపుగా ఉంటేనే ఉపాయం పారుతుందన్నాను చూడండి, అందుకే పొదలెన్ని ఉన్నాయన్నదాని కంటే గుంపులెన్ని, ఎంత పెద్దవి అన్నది ముఖ్యం.

ఒక గందరగోళం గురించి చెప్పి ముగిస్తాను. దాదాపు ఏటా ఫోన్లలో ఒక వీడియో తిరుగుతుంది, ఫలానా కొండ మీద నీలకురింజి పూసిందని. 2022లో ఇడుక్కి జిల్లా శాంతన్‌పార దగ్గర కళ్ళిప్పార కొండకు, చిక్కమగళూరు కొండలకు జనం విరగబడ్డారు. అందులో అబద్ధమేమీ లేదు. కొన్ని కొండల మీది గుంపులకు మున్నారుతో సంబంధం లేకుండా సొంత కాలెండరు ఉంటుంది. పైగా పశ్చిమ కనుమల్లో ఈ స్ట్రోబిలాంథస్ తెగ మొక్కలు డజన్ల కొద్దీ ఉన్నాయి. కొన్ని ఏటా పూస్తాయి, కొన్ని ఎక్కువ ఏళ్ళు ఆగుతాయి. ముంబయి అడవుల్లో కార్వీ అనేది ఎనిమిదేళ్ళకోసారి, 2016లో పూసింది, మళ్ళీ 2024లో. అవన్నీ చూడదగ్గవే. ఏదైనా నీలం పువ్వే కదా అని ఒకే పేరు పెట్టేస్తే మాత్రం, ఏ గుంపు ఎప్పుడు పూసింది, ఎక్కడ పూయడం మానేసింది అన్న లెక్క కలగాపులగం అవుతుంది. ఆ లెక్కే దాన్ని కాపాడేవాళ్ళకు ఆధారం.

మున్నారు దగ్గర రాజమల ఉన్న ఎరవికులం జాతీయ పార్కులో తర్వాతి పెద్ద పూత 2030లో. ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మంచి సమయం, వాన ఎలా ఉంటుందన్నది మన చేతిలో లేదు. అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఈలోగా ఏ సెలవుల్లోనైనా మున్నారు వెళ్తే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరయాళ్ళు ఈనే కాలమని పార్కు మూసేస్తారు, అది చూసుకుని వెళ్ళండి. రాజమలకు పార్కు వాళ్ళ బస్సులోనే ఎక్కించి తీసుకెళ్తారు. దిగాక అక్కడి వాచరును కురింజి పొద ఏదని అడగండి. వాళ్ళలో ముదువర్లు చాలామంది ఉన్నారు. పువ్వు లేకపోయినా చూపిస్తారు.